మూడో పొర

సోమవారం. పోటు. తూర్పుగాలి.

రెండో పొర కూడా పోయింది.

పొద్దున్నే మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన. తెచ్చిన కొత్తలో లేతకొబ్బరిలా తెల్లగా చట్రం మీద పరుచుకుని ఉన్నది, ఇవాళ నల్లగా జారిపోయి తొట్టి అంచులకి అంటుకుంది. కింద కుండలో పడ్డ నీళ్లు నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు.

తమ్ముడు ఏసుపాదం వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు. ఈసారి సమాధి కార్యక్రమం పెట్టుకుందాం పెద్దక్కా, పాట నేను పాడతానన్నాడు. చెల్లెలు దీవెన నవ్వింది. నేను నవ్వలేదు. తొట్టి కడగడానికి పూటంతా పట్టింది. చేతులకి ఆ వాసన ఇంకా పోలేదు.

మా తెప్పల వరసలో ప్రతి ఇంటికీ ఒక పొర. పైన సముద్రం కలిసిన నీళ్లు పోస్తే ఉప్పు తను తిని, కింద కుండలోకి మంచినీళ్లు వదులుతుంది. దానికి రోజుకో గిద్దె పలచటి గంజి పొయ్యాలి. అంతే పని. చిన్నపిల్లలు కూడా చేసే పని. నా చేతిలో మాత్రం రెండు చచ్చాయి.

ఒక ఇంటికి మూడే పొరలు. మూడోది పోతే తెప్ప తాళ్లు విప్పేసి ఇంటివాళ్లని మెట్ట క్యాంపుకి పంపుతారు. అక్కడ ఆడవాళ్ల షెడ్డు వేరు, మగవాళ్ల షెడ్డు వేరు. మధ్యలో గుట్ట. ఏసుపాదానికి ఫిట్స్ వస్తాయి. పడ్డప్పుడు పక్కకి తిప్పి పట్టుకునే మనిషి ఉండాలి. నలభై ఏళ్లుగా ఆ మనిషి అమ్మ, ఆమె తర్వాత నేను. గుట్ట అవతల ఎవరు?

ప్రార్థన చేశాను. మాటలు రాలేదు. కూర్చున్నాను.

మంగళవారం. పాటు.

దీవెన తను మాట్లాడుకునే పలకలో నన్ను ఒక గుంపులో చేర్చింది. అడక్కుండానే. పొరలు పోగొట్టుకున్నవాళ్ల గుంపట. ఎక్కడెక్కడి వరసలవాళ్లో ఉన్నారు. ఎవరి ముఖమూ కనబడదు, గొంతులే.

గుంపు పెద్ద మస్తాన్ గారు. పెద్దాయన, దగ్గుతూ మాట్లాడతారు. కట్టుబాట్లు చెప్పారు. ఇక్కడ చెడిన పనే చెప్పాలి. ఏం జరిగిందో కాదు, నువ్వేం చేశావో చెప్పాలి. ఎవరూ ఓదార్చరు. చెప్పడం అయ్యాక అందరూ ‘విన్నాం’ అంటారు. సలహా ఉంటే తర్వాత. పొర ఒక వానాకాలం దాటి బతికితే ఆ మనిషి గుంపులోంచి వెళ్లిపోవాలి. ఎందుకని ఎవరో కొత్తవాళ్లు అడిగారు. గెలిచినవాళ్లు ప్రసంగం మొదలెడతారమ్మా అన్నారు.

నా వంతు వచ్చింది. రెండు పొరలు పోయాయి, దేవుని చిత్తం అన్నాను.

తర్వాత ఒక ఆడగొంతు. ఉత్తరాది వరసల మనిషి, పేరు నూకాలు.

“దేవుడొచ్చి మీ తొట్టి కడిగినాడేటమ్మా? నువ్వేటి సేసినావో అది సెప్పు.”

పలక ఆపేశాను. యాభై ఆరేళ్లు నాకు. వరసలో ప్రార్థన నడిపేదాన్ని. నాతో అలా మాట్లాడేవాళ్లు లేరు.

మాట్లాడే ముందు రాసుకుంటే మాట తిన్నగా వస్తుందని మస్తాన్ గారు దీవెనతో చెప్పి పంపారు. అందుకని నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి ఇప్పుడే రాస్తున్నాను. ఇంకేం లేదు.

గురువారం. పోటు.

నీటి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ విరూపాక్షం పడవలో వచ్చాడు. చిన్నవాడే. మర్యాద గలవాడు. చెప్పులు పడవలోనే వదిలాడు. తడిగుడ్డలో చుట్టిన మూడో పొర పిలక తెచ్చాడు, అరచేయంత. చట్రం మీద పరిచి, అంచులు వేలితో నొక్కాడు.

యూనిట్‌కి రోజుకో గిద్దె గంజి, వారానికోసారి తొట్టి కడగాలి, యూనిట్ మీద ఎండ పడకూడదు అని కాగితం చూసి చదివాడు. అతనికి అది యూనిట్టే. నాకూ అంతే. పంపులాగా, మోటారులాగా ఒక వస్తువు.

వచ్చే నెల పోటు తిరిగాక వచ్చి చూస్తానన్నాడు. అప్పటికి రోజుకో నిండు కుండ దిగాలి. ఏసుపాదం అతనికి చాయ్ ఇచ్చి, సార్, మెట్ట క్యాంపులో పాటలు పాడనిస్తారా అని అడిగాడు. విరూపాక్షం చాయ్ వంక చూస్తూ ఉండిపోయాడు.

నేను లోపలికి వెళ్లి గంజికి నూక నానబోశాను.

శనివారం. పాటు. గాలి లేదు.

పిలక అంటుకుంది. తెల్లగా, సన్నగా చట్రం మీదికి పాకుతోంది. కుండలో అడుగున మంచినీళ్లు. ఏసుపాదం కాస్త తాగి, బోదకాలవ నీళ్లలా ఉన్నాయన్నాడు. బోదకాలవ వాడెప్పుడు చూశాడని. సముద్రం ఊరిని ముంచిన ఏడాదికి వాడు ఒళ్లో పిల్లాడు.

సాయంత్రం గుంపులో కూర్చుని విన్నాను. నేను మాట్లాడలేదు. నూకాలు చెప్పింది. చలికి పొర వణుకుతుందేమోనని పాత చీర కప్పిందట. చీర రంగు దిగి పొర ఎర్రగా అయిపోయి మూడోరోజుకి పోయిందట. కట్టుకున్నప్పుడు ఒక్కనాడూ దిగని రంగు దాని మీదే దిగాలా అని తనే నవ్వింది. అందరూ విన్నాం అన్నారు. ఇంకొకాయన గంజి బదులు మజ్జిగ పోశాడట. ఇంకొకావిడ తొట్టిని బూడిదతో తోమిందట. ఎవరూ అయ్యో అనలేదు.

విసుగొచ్చింది. మంచి చెప్పేవాడు ఒక్కడూ లేడు. అంతా చెడగొట్టుకున్నవాళ్లే.

వంట ముగించి, రేపటికి అన్నం కూరా మూతపెట్టి, వంటపెట్టెకి తాళం వేశాను. మా వరసలో ఆదివారం మోటారు తిరగదు, పొయ్యి వెలగదు, వల నీళ్లలో పడదు. తెప్పలు ఎక్కిన రోజు నాన్న పెట్టిన కట్టుబాటు. ప్రాణాలు దక్కాయి, వారానికొక రోజు ఏమీ ముట్టుకోకుండా కూర్చుందాం అన్నాడు. అప్పటినుంచీ అంతే.

సోమవారం. పోటు.

పొర మీద నల్ల మచ్చ. గోరంత.

చెంచాతో గీకాను. చుట్టూ తెలుపు కూడా చిరిగింది.

గుంపులో చెప్పాను. ఈసారి దేవుణ్ణి మధ్యలోకి తేలేదు. మచ్చ చూశాను, ఇనప చెంచాతో గీకాను, చిరిగింది. విన్నాం అన్నారు. ఇనుము తగిలితే పొర ముడుచుకుంటుంది, కొబ్బరిచిప్పతో తియ్యమని మస్తాన్ గారు చెప్పారు. గంజి పలచటి గుడ్డలో వడకడతావా అని ఎవరో అడిగారు. కట్టను. కట్టమన్నారు.

రెండు మంచి మాటలు వచ్చాయి. ఒప్పుకోవాలి.

శుక్రవారం. పాటు.

వడకట్టిన గంజి, కొబ్బరిచిప్ప. మచ్చ ఆగింది. కుండ పావు వంతు దిగింది.

పక్క తెప్ప ఎలీసమ్మ పొర రెండేళ్లుగా ఒకటే. బట్టలు ఆరేస్తుంటే వెళ్లి, ఏం చేస్తావమ్మా దానికి అని అడిగాను. ఏముంది వదినా, అంతా ప్రార్థనే అంది. అని తొట్టి మూత వైపు చూసి, తడిబట్ట మళ్లీ పిండింది. పిండిన బట్టనే.

నేను చేసే ప్రార్థన చాలలేదన్నమాట. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టాను. దీవెన తలెత్తి చూసి ఏదో అనబోయి ఊరుకుంది.

సోమవారం. పోటు. జల్లు.

మచ్చ అరచేయంత.

గుంపులో చెప్పాను. విన్నాం.

ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది. వింటే ఏం? పొర బతుకుతుందా?

బుధవారం. పాటు.

ఏసుపాదానికి ఫిట్స్. వల బాగుచేస్తూ పక్కకి ఒరిగాడు. నేను తల పట్టాను, దీవెన సూది లాగేసింది. లేచాక ఎక్కడున్నానని అడిగాడు. ఇంట్లోనే అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

వాడు పడుకున్నాక తొట్టి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చెయ్యాల్సినవన్నీ చేస్తున్నాను. కొలత తప్పలేదు, ఎండ పడనివ్వలేదు. ఇంకేం కావాలి నీకు అని అడిగాను. దేవుణ్ణో పొరనో నాకే తెలియదు.

సోమవారం. పోటు.

సగం నలుపు. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంక ఎన్నాళ్లో లేదు.

గుంపులో నా వంతు రాగానే మొదట్నుంచీ అన్నీ చెప్పాను. నీళ్లు, నూక, వడపోత, మూత, ఏ పూట ఏం చేశానో అంతా. అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు ఆరిపోయింది.

విన్నాం అన్నారు. నూకాలు మాత్రం అనలేదు.

“సలోమీ అప్పా, శనివారం సెప్పినావు, సోమవారం సెప్పినావు. ఆదివారం ఏటి సేస్తావు?”

“ఆదివారం మేం పని చెయ్యం.”

“మరి దానికి గంజి?”

“శనివారం సాయంత్రమే రెండు రోజులదీ పోసేస్తాను.”

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

“నీ తమ్ముడికి ఆదివారం కూడెట్టవేటి?” అంది నూకాలు. “శనివారమే రెండు రోజుల కూడూ నోట్లో కుక్కేస్తావా?”

వాడు మనిషి, అది యూనిట్టు అన్నాను.

“యూనిట్టుకి ఆకలెందుకేస్తాదప్పా?”

ఈసారి పలక ఆపెయ్యలేదు. చేతిలో అలాగే పట్టుకుని ఉన్నాను. రెండు గిద్దెలు ఒక్కసారి పడితే తినలేక మిగిలింది పులుస్తుంది, పులిసినది పొరని కాలుస్తుంది, మర్నాడు తినడానికి ఏమీ ఉండదు అని మస్తాన్ గారు నెమ్మదిగా చెప్పారు. మేమెవరమూ ఇది చెయ్యలేదమ్మా, అందుకే తట్టలేదు అన్నారు.

మొదటి పొర సోమవారం పోయింది. రెండోదీ సోమవారమే.

మంగళవారం. పాటు.

కోపం తగ్గలేదు. ఎవరి మీదో తెలియట్లేదు.

ఎలీసమ్మ తెప్ప మీదికి వెళ్లాను. ఆదివారం మీ పొరకి గంజి పోస్తున్నావా అని సూటిగా అడిగాను. చేతిలో చీపురు కింద పెట్టింది.

“అందరం పోస్తున్నాం వదినా. తెరలు దించుకుని. మీకు తప్ప అందరికీ తెలుసు.”

మీరు ప్రార్థన నడిపేవారు, మీతో ఎలా అంటాం అంది. ప్రతి ఆదివారం నేను ముందు నిలబడి, ఏమీ ముట్టని చేతులు అని చెబుతూ వచ్చాను. ఎదురుగా కూర్చున్న ప్రతి చేతికీ గంజి అంటి ఉంది.

ఇంటికొచ్చి దీవెనని అడిగాను, నీకు తెలుసా అని. చేతిలో పని ఆపకుండానే చెప్పింది. మొదటి పొర నాటికి తెలియదట. రెండోది నల్లబడుతుంటే ఎలీసమ్మ చెప్పిందట.

“రెండుసార్లు నీ దగ్గరికొచ్చానక్కా. కళ్లు మూసుకుని ఉన్నావు. తెరిచేదాకా కూర్చున్నాను. తెరిచి, ఇంకా పడుకోలేదా అన్నావు.”

నువ్వే పోయొచ్చుగా అన్నాను. వంటపెట్టె తాళంచెవి నీ కొంగునే కదా ఉండేది అంది. నా మాట వినవు, బయటివాళ్లు చెబితేనైనా వింటావేమోనని ఆ గుంపులో చేర్చాను అంది.

దీవెనకి యాభై. తాళంచెవి అడగడానికి కూడా నేను సందివ్వలేదు.

శనివారం. పోటు.

ఒక్క గిద్దె గంజే పోశాను. రేపటి గిద్దె కలిపి, వడకట్టి, చల్లటి చోట మూతపెట్టాను. పొయ్యి వెలిగించక్కర్లేదు. మంట ముట్టుకోకుండా అన్నం పెట్టినట్టే ఇదీ. ఇంత చిన్న సంగతి.

నలుపు ఆగింది, తగ్గలేదు. తెలుపు మిగిలింది సగానికి తక్కువ. కుండ సగం కూడా దిగడం లేదు.

గుంపులో చెప్పాను. ముందే రాసుకున్నాను కాబట్టి తడబడలేదు.

“శనివారం రెండు రోజుల గంజి ఒకేసారి పోశాను. ఆదివారం ఆకలితో ఉంచాను. మూడు పొరలకీ ఇదే చేశాను. మా చెల్లెలు చెప్పడానికొస్తే చెప్పనివ్వలేదు.”

విన్నాం అన్నారు, ఒకరి వెనక ఒకరు, ఎక్కడెక్కడి తెప్పల మీద నుంచో. నూకాలు కూడా. ఎవరూ పరవాలేదనలేదు. అంటే భరించలేకపోయేదాన్ని.

తర్వాత మస్తాన్ గారు ఒక దారి చెప్పారు. నల్లది కోసి పారేసి, ఆ ఖాళీలో అదే నీళ్ల మీద పెరిగిన పొర ముక్క అతికితే అంటుకుంటుంది. ఆయన పక్కింటివాళ్లని అడగలేక మూడూ పోగొట్టుకున్నారట. ఇప్పుడు మాట్లాడేది మెట్ట క్యాంపు నుంచే. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఆయన భార్య గుట్ట అవతల షెడ్డులో ఉంది.

“మీ వరసలో అన్ని పొరలున్నాయి. అడుగప్పా,” అంది నూకాలు. “మా కాడ సెప్పినట్టే సెప్పు. ఏడవకు, దండం ఎట్టకు.”

ఆదివారం. పాటు. ఎండ.

ప్రార్థన అయ్యాక అందరినీ ఉండమన్నాను. నిన్న గుంపులో చెప్పిన మాటలే చెప్పాను. మా పొర సగం పోయింది, అతకడానికి ముక్కలు కావాలన్నాను. మీరు ఆదివారం గంజి పోస్తున్నారని నాకు తెలుసు అని మాత్రం అనలేదు. అనక్కర్లేకపోయింది. సగం మంది తలలు వంగాయి.

తిమోతి మామ లేచాడు. నాన్నతో పాటు మొదటి తెప్ప ఎక్కినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. మీ నాన్న ఉంటే ఈ మాట నీ నోట వచ్చేది కాదు సలోమీ అన్నాడు. రాకపోయేదే మామయ్యా అన్నాను. కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనక అయిదారు ఇళ్లవాళ్లు.

నేను తెప్ప మీదికొచ్చి, తెర పైకి కట్టేసి, మూత తీసి, అందరి ముందూ గిద్దె గంజి పోశాను. పొర కాస్త ముడుచుకుని, తర్వాత సాగింది. గంజి పోసి మూత వేసెయ్యడమే గానీ, అలా సాగడం నేనెప్పుడూ నిలబడి చూడలేదు.

ఎలీసమ్మ పళ్లెంలో అరచేయంత ముక్క తెచ్చింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు. ఒకావిడ తెచ్చినది మరీ చిన్నది, మాదీ అంతంతమాత్రమే వదినా అంది. అదీ తీసుకున్నాను. ఈ పూట అతికాం. పనేనేమో. ప్రార్థన తర్వాత చేశాం.

వరస పొడుగునా చాలా తెరలు దించే ఉన్నాయి. కొన్ని లేచాయి.

గురువారం. పోటు.

విరూపాక్షం వచ్చాడు. మూత తీసి చాలాసేపు చూశాడు. ఒకచోట తెలుపు, ఒకచోట పసుపు, ఒకచోట ఆకుపచ్చ ఛాయ, మధ్యలో అతుకుల గీతలు.

“ఇదేంటమ్మా?”

“బొంత సార్,” అన్నాడు ఏసుపాదం.

కుండ చూశాడు. మెడ దాకా వచ్చింది గానీ నిండలేదు. నిండాలి కదమ్మా అన్నాడు. నిండలేదు అన్నాను. దేవుడి దయవల్ల ఇంతైనా అని నోటిదాకా వచ్చింది. మింగి, ఏం చేశానో చెప్పాను, శనివారాల దగ్గర్నుంచి. ఆపకుండా విన్నాడు. ఇవి ఆఫీసు ఇచ్చిన పొర కాదు, అలాగని నాలుగోది ఇవ్వనూ లేదు, ఏమని రాయాలో తెలియట్లేదన్నాడు. దీవెన ముందుకొచ్చింది. ఆఫీసు ఇచ్చిన ముక్క ఇదుగో ఈ మూల బతికే ఉందని చూపించింది. ఉంది. అరచేయంత.

అతను వంగి ఆ మూలని వేలితో తాకాడు. మూడో పొర బతికి ఉంది, వచ్చే నెల మళ్లీ చూడాలి అని పైకి చదువుతూ రాశాడు. ఆ నెలకి కుండ నిండకపోతే నా చేతిలో ఏమీ ఉండదమ్మా అన్నాడు.

ఒక్క నెల. ఈ నెల ముగ్గురం ఒకే కప్పు కింద.

పడవ వెళ్లిపోయాక గుంపులో ఏం చెప్పాలా అని చూశాను. చెడిన పనే చెప్పాలి కదా. కుండ నిండలేదని చెప్పాను. ఎంత తక్కువని మస్తాన్ గారు అడిగారు. వేలెడు అన్నాను. దగ్గు ఆగేదాకా ఆగి, వేలెడేనా అన్నారు.

లోపలికొస్తే దీవెన గంజి కలిపేసి ఉంది. చిక్కగా ఉందన్నాను. పలచన నీ లెక్క అక్కా, ఇప్పుడు నాలుగు ఇళ్ల ముక్కలు తింటున్నాయి, కాస్త చిక్కగానే ఉండాలి, నీ గుడ్డకి చిల్లు కూడా పడింది చూడు అంది.

గుడ్డ ఎత్తి వెలుతురుకి పట్టాను. చిల్లు ఉంది.

కొంగున తాళంచెవి విప్పి దీవెన ముందు పెట్టి, కొత్త గుడ్డ చింపాను.